పాఠకుల ప్రశ్నలు: గుహల్లోని రాక్షసులను అంతరిక్షానికి తీసుకెళ్లడం ఎలా?

బల్ల చుట్టూ కూర్చొని ఆడే పాత్రధారణ ఆటల గురించి ఈ శీర్షికలో రాసిన తరువాత దక్షిణ తెలంగాణ జిల్లాల నుంచి పాఠకులు ప్రశ్నలు పంపారు. ఆ ఆటల్లో ఒకరు గేమ్ మాస్టర్‌గా కథ నడుపుతారు, మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు, చేసిన పని ఫలించిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. వచ్చిన ప్రశ్నల్లో చాలా వాటి సారాంశం ఒకటే కనుక, ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి): నమస్కారమండీ. మేము హాస్టల్‌లో ఆదివారాలు ఈ ఆట ఆడుకుంటాం. ఇంతవరకు కోటలు, గుహలు, మంత్రగాళ్లు ఉన్న లోకంలో ఆడాం. ఇప్పుడు కథను అంతరిక్ష నౌకలోకి మార్చాలనుకుంటున్నాం. నేను ఏ రాక్షసుడిని తెచ్చి నౌకలో పెట్టినా, పాతవాడికే హెల్మెట్ తొడిగావని మిత్రులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ మిత్రులు చెప్పింది సరైన మాటే. రాక్షసులు మనకు బొమ్మల్లో చూసిన ఆకారంతోనే గుర్తుంటారు కాబట్టి, లోకం మార్చేటప్పుడు చేయి ముందుగా ఆకారం మీదికే పోతుంది; కొమ్ములున్న చోట యాంటెన్నాలు, చర్మం ఉన్న చోట లోహపు రేకులు వచ్చి చేరతాయి, ఆట మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. నన్నడిగితే, ఆటలో రాక్షసుడంటే ఒక నియమం. వాడు ఏమి తింటాడు, దేనికి జంకుతాడు, ఆటగాళ్ల దగ్గర నుంచి ఏమి లాక్కుంటాడు, ఏ ఉపాయానికి లొంగుతాడు అన్న సంగతులే వాడు. ఆ నియమాన్ని చెక్కుచెదరకుండా ఉంచండి. శరీరాన్ని మాత్రం అంతరిక్షపు భౌతికశాస్త్రానికి అప్పగించండి.

ఈ ఆటల చరిత్రే దీనికి సాక్ష్యం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో తొలి ఏళ్లలోనే చేరిన తుప్పు భూతం, గుడ్లగూబ తల ఉన్న ఎలుగుబంటి వంటి జీవుల రూపాలు హాంకాంగ్‌లో తయారైన చవక ప్లాస్టిక్ బొమ్మల నుంచి వచ్చాయి. పేరూ ఊరూ లేని బొమ్మకు ఒక నియమం తగిలించారు. ఆ నియమం బలం మీదే అది ఇన్ని దశాబ్దాలు బతికింది.

ఆ తుప్పు భూతాన్నే తీసుకుందాం. అది యోధుడి ప్రాణం జోలికి పోదు. తన మీసాలు తగిలించి అతని కత్తిని, కవచాన్ని తుప్పుగా మార్చి తింటుంది. ప్రాణానికి వెరవని వీరుడు కూడా దానిని చూసి పరుగెత్తడానికి కారణం అదే. నౌకలో మనిషికీ శూన్యానికీ మధ్య ఉన్నది ఒక్క లోహపు గోడే కనుక, ఆ భయం అక్కడ మరింత పెరుగుతుంది. అయితే తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి, నౌక బయట అవి లేవు. పైగా నౌకల గోడలు ఎక్కువగా అల్యూమినియం మిశ్రమ లోహాలతో చేసినవి. కాబట్టి మీ భూతం నౌక లోపల, గోడ ఫలకాల వెనుక తేమ చేరే చోట కాపురం పెట్టాలి. 1986 నుంచి 2001 వరకు కక్ష్యలో తిరిగిన మీర్ అంతరిక్ష కేంద్రంలో సరిగ్గా అలాంటి చోటే తేలుతున్న మురికినీటి గోళాలు, వాటి నిండా సూక్ష్మజీవులు కనిపించాయి.

ఇక అల్యూమినియంను పాడుచేసే పదార్థం కావాలంటే గాలియం ఉంది. దాదాపు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే ఈ లోహం అల్యూమినియం స్ఫటికాల సందుల్లోకి చొరబడితే, గట్టి రేకు సైతం చేత్తో విరిచేంత పెళుసుగా మారుతుంది. భూతం మీసాల నుంచి కారేది గాలియం వంటి ద్రవమని అనుకోండి. నౌకలో మామూలుగా అంత వేడి ఉండదు కాబట్టి, అది ముందుగా శీతలీకరణ గొట్టాలను పూడ్చి గదిని వేడెక్కించాలి. అంటే గదిలో ఉక్కపోత మొదలైందంటే, గోడ వెనుక భూతం పని మొదలుపెట్టిందన్నమాట. ఆ ఉక్కపోత ఎలా ఉంటుందో పాలమూరు ఆటగాళ్లకు మీరు వర్ణించి చెప్పే అవసరం రాదు. దానిని వదిలించే ఉపాయానికి కూడా మీ ఊళ్లోనే ఆధారం ఉంది. దాదాపు 700 ఏళ్ల వయసున్న పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు, 2018లో, ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టే సెలైన్ సీసాలు కట్టి మందును బొట్టుబొట్టుగా చెట్టులోకి ఎక్కించారు. గోడ పగలగొడితే గాలి పోతుంది, పగలగొట్టకపోతే భూతం అందదు అనే చిక్కులో ఆటగాళ్లను నిలబెట్టి, ఆ బొట్టుబొట్టు ఉపాయాన్ని వారే కనిపెట్టేదాకా ఆగండి.

పెట్టె రూపంలో పొంచి ఉండి, మూత తెరిచినవాడిని మింగే మాయజీవి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మారీచుడి కథ తెలిసినవారికి అది పాత పరిచయమే. అంతరిక్షంలో దానిని ప్రాణవాయువు అయిపోతున్న వేళ ఎదురయ్యే తలుపుగా పెట్టండి, చాలు. గుహ దారిని నిండుగా మూసుకుంటూ వచ్చే ఘనాకారపు జిగురు ముద్ద మాత్రం బరువు లేని చోట తలతన్యత వల్ల గోళంగా మారుతుంది. చదరపు దారిలో గోళం కదిలితే నాలుగు మూలల్లోనూ సందులు మిగులుతాయి. పాత ఆటలో తప్పించుకోవడానికి వీల్లేని జీవి ఇక్కడ ఒంటిని ముడుచుకొని మూలగా జారిపోగలిగేవారికి దారి ఇస్తుంది. నాకు ఈ మార్పు చాలా ఇష్టం.

ప్రశ్న (నల్లగొండ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని): శూన్యంలో గాలి లేదు కదండీ. మరి డ్రాగన్‌కు రెక్కలెందుకు? నిప్పు ఎలా కక్కుతుంది? డ్రాగన్‌ను పూర్తిగా వదిలేయడమే మంచిదా?

జవాబు: వదిలేయకండి. మీరు అడ్డంకులనుకుంటున్న ఆ రెండు విషయాలే దానిని మునుపటికన్నా గొప్ప జీవిని చేస్తాయి.

నిప్పు సంగతి ముందు చూద్దాం. గాలి లేని చోట మంట కావాలంటే ఇంధనంతో పాటు దానిని మండించే ఆక్సీకారిణిని కూడా వెంట తెచ్చుకోవాలి. ఇస్రో పీఎస్ఎల్వీ రాకెట్ రెండో దశలోని వికాస్ ఇంజన్ చేసేది అదే. అందులో హైడ్రజీన్ జాతి ఇంధనం, నైట్రోజన్ టెట్రాక్సైడ్ ఒకదానికొకటి తగలగానే నిప్పురవ్వ అవసరం లేకుండా అంటుకుంటాయి. ప్రకృతిలో కూడా దీనికి పోలిక ఉంది. బాంబార్డియర్ అనే పెంకు పురుగు తన కడుపులోని ఒక తిత్తిలో దాచుకున్న హైడ్రోక్వినోన్, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ల మిశ్రమాన్ని పక్క గదిలోని ఎంజైములతో కలిపి, దాదాపు 100 డిగ్రీల వేడి ద్రవాన్ని శత్రువు మీదికి చిమ్ముతుంది. మీ డ్రాగన్ గొంతులో రెండు తిత్తులు పెట్టండి; మంట సమస్య తీరింది.

అసలు ఆట ఇక్కడే మొదలవుతుంది. శూన్యంలో ముందుకు మంట కక్కిన డ్రాగన్ న్యూటన్ మూడో సూత్రం ప్రకారం వెనక్కి పోతుంది. అంటే దాని ఆయుధమూ, దాని వాహనమూ ఒకటే. ఏదైనా గ్రహశకలాన్ని గోళ్లతో పట్టుకుంటే తప్ప గురి నిలవదు. కోపంలో తిత్తులు ఖాళీ చేసుకుంటే ఇల్లు చేరే దారి ఉండదు. పాత లోకంలో డ్రాగన్ ఎంత కక్కినా దానికి పోయేదేమీ లేదు, ఇక్కడ ప్రతి మంటా దాని ప్రయాణంలో కొంత కోసేస్తుంది. ఆ సంగతి పసిగట్టిన ఆటగాళ్లు దానిని రెచ్చగొట్టి గెలవగలరు, లేదా దానితో బేరమాడి బయటపడగలరు.

రెక్కలను ఎగరడానికి వాడాలని చూడకండి. సూర్యకాంతి తోపుతో నడిచే తెరచాపలు నిజంగానే ఉన్నాయి. జపాన్ 2010లో ప్రయోగించిన ఇకారోస్ నౌక తెర ఒక్కో పక్క 14 మీటర్లు. కానీ భూమి దూరంలో ఆ తోపు, కాంతిని పూర్తిగా తిప్పికొట్టే తెర మీద కూడా, చదరపు మీటరుకు సుమారు 9 మైక్రోన్యూటన్లే. ఒక హెక్టారు రెక్క ఉన్న డ్రాగన్‌కు దక్కేది ఇక్కడ తొమ్మిది గ్రాముల బరువుకు సమానమైన తోపు. నెలల తరబడి సాగే ప్రయాణానికి అది పనికొస్తుంది, యుద్ధానికి పనికిరాదు. రెక్కల అసలు ఉపయోగం వేడిని వదిలించుకోవడం. గాలి లేని చోట వేడి వికిరణంగా తప్ప మరో దారిలో బయటికి పోదు. అందుకే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అంత పెద్ద రేడియేటర్ పలకలున్నాయి. మంట కక్కిన డ్రాగన్ రెక్కలు చాచి చల్లబడక తప్పదు, సరిగ్గా అప్పుడే అది సులువుగా దెబ్బ తగిలే స్థితిలో ఉంటుంది.

డ్రాగన్లు బంగారం కూడబెట్టడానికి కూడా ఇక్కడ కారణం దొరుకుతుంది. బంగారం పరారుణ కిరణాలను చక్కగా తిప్పికొడుతుంది. వ్యోమగాముల హెల్మెట్ ముందు తెరకు పలుచటి బంగారు పూత వేసేది అందుకే. సూర్యుడికి దగ్గరగా పోవాలనుకునే డ్రాగన్‌కు బంగారం ఒంటికి పట్టించుకునే రక్షణ. దాని నిధిని దోచుకుంటే దానికి కోపం ఎందుకొస్తుందో ఇప్పుడు ఆటగాళ్లకు అర్థమవుతుంది.

ప్రశ్న (అచ్చంపేట నుంచి ఒక ఉపాధ్యాయుడు): మా బడి పిల్లలకు విదేశీ రాక్షసుల పేర్లు నోరు తిరగడం లేదండీ. మన పురాణాల్లోని, పల్లెల్లోని భూతాలను అంతరిక్ష కథల్లో వాడుకోవచ్చునా?

జవాబు: తప్పకుండా వాడుకోవాలి, మాస్టారూ. మన భూతాలకు నియమాలు ఎంత పదునుగా ఉంటాయంటే, కొన్నింటిని అంతరిక్షానికి తీసుకెళితే అవి అక్కడ పుట్టినవే అనిపిస్తుంది.

రక్తబీజుడిని చూడండి. వాడి రక్తపు బొట్టు నేల మీద పడితే మరో రక్తబీజుడు లేస్తాడు. కొట్టిన కొద్దీ శత్రువులు పెరుగుతారు. కక్ష్యలోని శకలాల కథ అచ్చంగా ఇదే. ఒక ఉపగ్రహం పగిలితే ముక్కలు, ఆ ముక్కలు మరొకదానికి తగిలితే మరిన్ని ముక్కలు. ఇది ఆగని గొలుసుగా మారవచ్చునని నాసా శాస్త్రవేత్త డొనాల్డ్ కెస్లర్ 1978లోనే హెచ్చరించారు. 2007లో చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని క్షిపణితో పేల్చినప్పుడు, భూమి నుంచి గుర్తించగల ముక్కలే మూడు వేలకు పైగా ఏర్పడ్డాయి. 2009 ఫిబ్రవరి 10న ఇరిడియం 33, కాస్మోస్ 2251 అనే రెండు ఉపగ్రహాలు ఢీకొన్నాయి. కాబట్టి మీ రక్తబీజుడు కక్ష్యలో తిరిగే పాత యుద్ధయంత్రం కావచ్చు. తుపాకీ పేల్చిన ప్రతిసారీ ఆటగాళ్లు తమ చుట్టూ ఉన్న ప్రమాదాన్ని పెంచుకుంటారు. పరిష్కారం దేవీ మాహాత్మ్యంలోనే ఉంది. బొట్టు నేల తాకకముందే చాముండి నాలుక చాచి పట్టింది. పిల్లలు వల పన్నాలి, పట్టాలి, పగలనివ్వకూడదు. పేల్చడమే గెలుపు అనుకునే ఆటలు ఎన్నో ఉన్నాయి, వారికి ఇలాంటిది ఒక్కటైనా ఆడించండి.

ఇక పల్లె దయ్యాలు. రాత్రిపూట పేరు పెట్టి పిలిచే దయ్యం లోపలికి రాకుండా 'రేపు రా' అని తలుపు మీద రాసుకునే అలవాటు ఒకప్పుడు చాలా ఊళ్లలో ఉండేది. దయ్యం రాత చదివి వెళ్లిపోతుంది, మర్నాడు వచ్చినా అదే రాత చదువుతుంది. ఈ దయ్యాన్ని భూమి చుట్టూ తిరిగే కేంద్రంలోకి ఎక్కించండి. అక్కడ సుమారు తొంభై నిమిషాలకు ఒకసారి సూర్యోదయమవుతుంది, అంటే భూమి మీద ఒక్క రోజు గడిచేలోగా 'రేపు' పదహారు సార్లు వస్తుంది. రాత కాపాడుతుంది కానీ కంటి మీద కునుకు ఉండనివ్వదు. అదే దయ్యం చంద్రుడి మీదికి వెళితే, అక్కడ ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయానికి దాదాపు 29 రోజులన్నర పడుతుంది కాబట్టి, ఒక్క రాతతో నెల రోజులు నిశ్చింత. కేంద్రం నుంచి చంద్రుడికి పారిపోవాలన్న ఆలోచన పిల్లలకే రావాలి, మీరు చెప్పకండి.

పేరు పెట్టి పిలిచే గొంతుకు మరో ఉపయోగం ఉంది. అంగారకుడి దగ్గర ఉన్నవారికి భూమి నుంచి మాట చేరడానికి, గ్రహాల స్థానాన్ని బట్టి, 3 నుంచి 22 నిమిషాల వరకు పడుతుంది. నౌకలోని వారు అడిగిన ప్రశ్నకు భూమి గొంతుతో జవాబు అర నిమిషంలోనే వచ్చిందనుకోండి. మాట్లాడింది భూమి కాదని లెక్క వచ్చిన పిల్లవాడు ముందుగా గ్రహిస్తాడు.

కొరివి దయ్యాన్ని కూడా మరువకండి. బరువు లేని చోట వేడి గాలి పైకి లేవదు కనుక మంట గుండ్రంగా ఉంటుంది. అంతరిక్ష కేంద్రంలో హెప్టేన్ అనే ఇంధనపు బొట్లను మండించి చూసిన ప్రయోగాల్లో కంటికి కనిపించే మంట ఆరిపోయిన తరువాత కూడా, తక్కువ వేడి దగ్గర, కనిపించకుండా దహనం కొనసాగింది. ఆరిందనుకున్న కొరివి ఆరకపోవడం మన దయ్యానికి ఎప్పటి నుంచో ఉన్న గుణమే.

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు): ఈ ఆటకు ఖరీదైన పుస్తకాలు, ఇంగ్లీషు తప్పనిసరా?

జవాబు: రెండూ అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఆరు ముఖాల పాచికలు రెండు ఉంటే మొదలుపెట్టవచ్చు. తెలుగులో ఆడితే వర్ణనలు మరింత బాగా కుదురుతాయి.

ప్రశ్న (మర్రిగూడ మండలం నుంచి ఒక యువకుడు): మా తాతయ్య ఫ్లోరైడ్ నీటి వల్ల నడుము వంగి బతికారు. నీటిలో దాగి ఎముకలను పట్టే భూతాన్ని నా అంతరిక్ష కథలో పెట్టాలని ఉంది. ఊరి బాధను ఆట చేయకూడదని నా మిత్రుడు అంటున్నాడు. మీరేమంటారు?

జవాబు: మీ తాతయ్యగారి బాధ మీ ఇంటిది, దాని గురించి కథ చెప్పే హక్కు మీకు ఉంది. మీ మిత్రుడి సంకోచం కూడా గౌరవించదగినదే. కాబట్టి ఒక్క హద్దు పెట్టుకోండి. భూతం నీటిలో ఉండాలి, జబ్బుపడ్డ మనిషి ఒంట్లో ఎన్నడూ ఉండకూడదు. వంగిన నడుము, వంకర కాళ్లు ఉన్న పాత్ర మీ కథలో ఉంటే, ఆమె అందరికన్నా ముందు నీటిని అనుమానించిన మనిషి కావాలి. ఆమెను చూసి భయపడే సన్నివేశం ఒక్కటీ ఉండకూడదు.

ఈ భూతానికి అంతరిక్షం తగిన చోటు. బరువు లేని చోట ఎముకలు ఎలాగూ నెలకు 1 నుంచి 1.5 శాతం వరకు సాంద్రత కోల్పోతాయి కాబట్టి, నీటి వల్ల వచ్చిన నొప్పిని అందరూ ప్రయాణపు నొప్పే అనుకుంటారు. కేంద్రాల్లో చెమటను, మూత్రాన్ని శుద్ధిచేసి మళ్లీ అదే నీటిని తాగుతారు. వడపోతకు చిక్కని పదార్థం ఏదైనా చేరితే తిరిగి తిరిగి గ్లాసులోకే వస్తుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మీ ఆటగాళ్లు కత్తి దూయడానికి ఎదురుగా ఎవరూ ఉండరు.

దీనికి ఎదురు ఉపాయం పేరులోనే మీ జిల్లా ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన నల్లగొండ పద్ధతిలో నీటికి సున్నం, పటిక కలిపి తిప్పుతారు. ఫ్లోరైడ్‌ను పట్టుకున్న మడ్డి అడుగుకు దిగాక పైనీటిని తీసి వడపోస్తారు. మీ నౌకలోని వైద్యురాలికి ఈ పద్ధతి తెలుసని పెట్టండి. ఆమె అంతా సరిగా చేస్తుంది, కానీ మడ్డి దిగదు, ఎందుకంటే అక్కడ అడుగు అనేదే లేదు. నీటి గిన్నెను గిరగిర తిప్పి బరువును పుట్టించాలి. తగిన యంత్రం లేకపోతే నౌకనే తిప్పాలి, దానికి ఇంధనం ఖర్చవుతుంది. మీ తాతయ్యగారి తరం ఎదుర్కొన్న చిక్కును ఇంత శ్రద్ధగా ఆలోచించి ఆడితే అది వేళాకోళం కాదని మీ మిత్రుడు కూడా ఒప్పుకుంటారని నా నమ్మకం.

ప్రశ్న (నల్లగొండ నుంచి ఒక పాఠకురాలు): మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనుక గోడ మీద నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. దానిని చూసినప్పటి నుంచి నీడ భూతం ఒకటి రాయాలని ఉంది. పాత ఆటలో నీడ తగిలితే మనిషి బలం తగ్గుతుంది. అంతరిక్షంలో దీనిని ఎలా మార్చాలి?

జవాబు: పానగల్లు నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదు. వెలుగు నేరుగా పడకుండా, చెదిరి పలు దిక్కుల నుంచి స్తంభాల మధ్యగా లోపలికి చేరేలా శిల్పులు కట్టడం వల్ల ఆ నీడ నిలకడగా ఉంటుంది. చంద్రుడి మీద వెలుగును చెదరగొట్టే గాలి లేదు. అక్కడి నీడకు అంచు కత్తిలా ఉంటుంది, నీడలో అడుగుపెడితే చలి పట్టుకుంటుంది. 'బలం తగ్గుతుంది' అన్న పాత నియమాన్ని అలాగే ఉంచి, బలం బదులు బ్యాటరీ తగ్గుతుందని రాయండి. చంద్రయాన్-3 ల్యాండరు, రోవరు 2023 ఆగస్టు 23న దిగి, చంద్రుడి రాత్రి రాకముందే సెప్టెంబరు మొదట్లో నిద్రలోకి పంపబడ్డాయి, మళ్లీ మేల్కొనలేదు. మీ భూతం చేయగలిగింది అదే.

దాని వేగం మీరు ఊహించనక్కరలేదు, లెక్క కట్టవచ్చు. చంద్రుడి మధ్యరేఖ దగ్గర రాత్రి అంచు గంటకు దాదాపు 15 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. చంద్రయాన్-3 దిగిన 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఆ వేగం గంటకు సుమారు అయిదున్నర కిలోమీటర్లు, అంటే చురుకుగా నడిచే మనిషి వేగం. మీ ఆటగాళ్లు స్థావరానికి నడిచి వస్తున్నారని, వెనుక నుంచి ఆ నీడ అంచు వస్తున్నదని పెట్టుకోండి. చదునైన నేల మీద దానికన్నా కొంచెం ముందుంటారు. గుంత ఎదురై చుట్టూ తిరిగితే, ఎవరికైనా కాలు బెణికితే, ఏదో మెరుస్తున్నదని ఆగి చూస్తే అది దగ్గరవుతుంది. ప్రతి మలుపులో పాచిక వేయించి దూరాన్ని కాగితం మీద రాయండి, ఆ సంఖ్యను అందరికీ కనిపించేలా బల్ల మధ్యలో పెట్టండి. ఈ భూతానికి ప్రాణాల లెక్క పెట్టవద్దు. దానిని చంపడం కుదరదని ఆటగాళ్లకు మొదటే చెప్పేయండి.